బండి కదులుతున్నంతసేపే

నేను పని మానేసిన రోజు స్టాండులో కుర్రవాళ్ళు నాకు శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమన్నారు. నాకు రెండే మాటలు వచ్చాయి. "టైర్లు చూసుకోండి" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చాక మా ఆవిడ మహబూబ్‌బీ ఆ శాలువా మడిచి బీరువాలో పెడుతూ, "అంతేనా నువ్వు చెప్పింది? వయసంతా ఆ బండ్లోనే గడిపితివి కదా," అనింది. ఆ మాట గుచ్చుకుని ఇది రాస్తున్నాను.

నా పేరు దస్తగిరి. కర్నూల్లో ఆసుపత్రుల ముందర నిలబడే ప్రైవేటు అంబులెన్సు నడిపాను. డ్రైవరుగా చేరి డ్రైవరుగానే దిగాను కాబట్టి ప్రమోషన్ల సంగతి రాసే బాధ నాకు, చదివే బాధ మీకు తప్పాయి. లైసెన్సులు, ఫిట్‌నెస్ కాగితాల గురించి ఆర్టీవో ఆఫీసు బయట కూర్చునే ఏజెంటు నాకంటే బాగా చెప్తాడు. నేను చెప్పేది వెనక తలుపు మూసిన తర్వాత బండిలో జరిగేదాని గురించి. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు దాన్ని ఎవరూ నేర్పరు. నాకూ నేర్పలేదు.

ఇంటి ట్రిప్పు

అంబులెన్సు అనగానే మీకు సైరను, తిరిగే లైటు, పక్కకు తప్పుకునే బస్సులు గుర్తొస్తాయి. ఆ పనీ ఉంది. కానీ నా సర్వీసులో ఎక్కువ భాగం దానికి ఎదురు దిక్కున నడిచింది. డాక్టరు బయటికొచ్చి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "ఇంక ఇంటికి తీసుకపోండి" అంటాడు. ఇంటివాళ్ళు కాసేపు గోడ పట్టుకుని నిలబడి, తర్వాత స్టాండుకు వస్తారు. దాన్ని మేము ఇంటి ట్రిప్పు అంటాం. దానికి సైరను వేయరు.

మన పల్లెల్లో మనిషి తన గడప లోపలే కన్ను మూయాలనుకుంటారు. బయట పోయినవాళ్ళను చాలా ఊళ్ళలో ఇంట్లోకి తేనివ్వరు, వాకిట్లోనే పడుకోబెడతారు. అందుకని ఊపిరి ఉండగానే చేర్చమని మా వెంటపడతారు. ఇక పేషెంటుకు మాత్రం నిజం చెప్పరు. "నయమైంది, ఇంటికి పోతాండాం" అంటారు. నయమైన మనిషికి ఆక్సిజను పెట్టి, సెలైను తగిలించి, ఏడుపు దిగమింగుకుంటున్న నలుగురిని పక్కన కూర్చోబెట్టి తీసుకుపోవడం మా బండ్లలో తప్ప ఇంకెక్కడా చూడరు.

డ్రైవరు కూడా వంత పాడాలి. నేనూ పాడాను. "ఏం పెద్దాయనా, ఉగాదికి చేనికాడికి పోతావులే," అని ఎంతమందితో అన్నానో నాకే తెలియదు. వాళ్ళు నా మొహం చూసి సరేనని తల ఊపేవాళ్ళు. నమ్మారని నేను సంతోషించేవాణ్ణి. పాపం ఈ డ్రైవరు నొచ్చుకుంటాడని వాళ్ళు ఊరుకుంటున్నారని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఓనరు చెప్పింది, కోసిగిలో చూసింది

మా ఓనరు నాకు మొదటి రోజే మూడు మాటలు చెప్పాడు. మాట్లాడొద్దు, వినొద్దు, తొందరగా పో. ఆయన మంచివాడే. పండక్కి కొత్తబట్టలు పెట్టేవాడు, బండి చెడిపోతే తిట్టేవాడు కాదు. తన అంబులెన్సులో వెనక పడుకుని ఎప్పుడూ ప్రయాణం చేయలేదు, ఆయనకున్న లోటు అదొక్కటే.

చేరిన కొత్తలో కోసిగికి ఒక ఇంటి ట్రిప్పు వేశాను. పేషెంటు హనుమంతు. మిరపకాయలు కోసే పనికి గుంటూరు దిక్కు పోయి, కామెర్లతో తిరిగొచ్చి, కర్నూల్లో చేరి, చివరికి మా బండి ఎక్కాడు. పక్కన కూతురు ఈరమ్మ ఒక్కతే ఉంది. దారి పొడుగునా ఆయన, "పాపా, నీకొక మాట చెప్పాల," అంటున్నాడు. ఆ పిల్ల, "ఇంటికి పోయినాక చెబుదువులే నాయనా, ఆయాసపడగాకు," అంటోంది. ఇంటికి తొందరగా చేర్చడమే నా పని కాబట్టి నేను తొక్కాను. ఎమ్మిగనూరు ఎప్పుడు దాటామో కూడా తెలియలేదు.

చేరేసరికి వీధంతా వాకిట్లో ఉంది. స్ట్రెచరు దించకముందే ఆడవాళ్ళు మీద పడి ఏడ్చారు. తర్వాత ఒక్కొక్కరే ముందుకొచ్చి, "నేనెవరో చెప్పు, గుర్తు పట్టినావా?" అని అడగడం మొదలుపెట్టారు. హనుమంతు అందరినీ గుర్తుపట్టాడు, ఒక్కటీ తప్పు పోలేదు. ఈరమ్మను మేనత్తలు వెనక్కి నెట్టేశారు. ఆయన వాళ్ళ భుజాల మీదుగా కూతురి కోసం చూశాడు, రెండోసారి కూడా చూశాడు, తర్వాత కళ్ళు మూసుకున్నాడు. నేను తొందరగా తిరిగొచ్చినందుకు ఓనరు మెచ్చుకున్నాడు.

కొన్ని నెలల తర్వాత ఈరమ్మ స్టాండుకు వచ్చింది. నన్ను వెతికి పట్టుకుని, "అన్నా, దావలో మా నాయన నీతో ఏమన్నా చెప్పినాడా?" అని అడిగింది. నాతో ఏమీ చెప్పలేదన్నాను. ఆ ఒక్క మాట అడగడానికి ఆ పిల్ల కోసిగి నుంచి బస్సెక్కి వచ్చింది. టీ తాగమంటే వద్దని మళ్ళీ బస్టాండుకు పోయింది. 

రోడ్డు మీద తెలిసినవి

ఆ తర్వాత నేను ఓనరు చెప్పిన మూడింటిలో మొదటిది మాత్రం బండి కదిలాక పాటించాను. మాట్లాడలేదు. వినడం మొదలుపెట్టాను.

గమనించింది ఒకటే. మనుషులు బండి కదులుతున్నంతసేపే మాట్లాడతారు. రైలుగేటు దగ్గర ఆగితే ఆపేస్తారు, గేటు తీస్తే మళ్ళీ ఎత్తుకుంటారు. ఎందుకో నాకు తెలియదు. ఒకరి మొహం ఒకరు చూసుకోవలసిన పని లేదనేమో, కిటికీలోంచి చూస్తూ అనేయవచ్చు. ఇల్లు చేరితే ఇక మాట్లాడేది చుట్టాలే. ఆసుపత్రిలో నర్సులుంటారు, పక్క మంచం వాళ్ళుంటారు. కాబట్టి ఒక ఇంటివాళ్ళకు చివరగా దొరికే ఏకాంతం మీ బండే. దాన్ని మీరు రేసుబండి చేయొద్దు.

పని సంగతికొస్తే, వెనక్కి తిరిగి చూడొద్దు. అద్దం వాళ్ళ మొహాల మీదికి తిప్పొద్దు. పాటలు పెట్టొద్దు, భక్తి పాటలు అసలే వద్దు. మీ తల వెనకున్న చిన్న అద్దం తలుపును రెండు వేళ్ళ సందు తెరిచి ఉంచండి, ఊపిరి ఇబ్బందైతే వినపడాలి. దాంతోపాటు వినపడేది వినపడుతుంది. దాన్ని స్టాండుకు మోసుకురావద్దు.

మొదట వచ్చేవన్నీ పనికిరాని మాటలే. ఊరు దాటగానే ఓర్వకల్లు రాళ్ళ గుట్టలు వచ్చాయి, ఇక్కడ విమానాలు దిగుతాయంట, వాటిల్లో ఎవరు ఎక్కుతారో ఏమో, ఇట్లా సాగుతాయి. వాటిని తక్కువగా చూడకండి. అసలు మాట వాటి వెనకే వస్తుంది, రాకపోతే లేదు.

పెద్ద ప్రశ్నలు వేస్తే మాత్రం ఖాయంగా రాదు. ఒకసారి కాలేజీ చదివే మనవడు వాళ్ళ జేజిని, "జేజీ, నీ జీవితంలో నువ్వు సాధించిందేంది?" అని అడిగాడు. ఎక్కడ నేర్చుకున్నాడో తెలియదు. ఆమె కాసేపు ఆలోచించి, "మీ తాతతో ఏగినా," అని అటు తిరిగి పడుకుంది. తర్వాత ఎప్పుడో వాడు ఊరికే, జొన్నరొట్టె పగలకుండా ఎట్లా తడతావు అని అడిగాడు. ఇక ఆమె ఆపలేదు. రొట్టె నుంచి వాళ్ళమ్మ దగ్గరికి, అక్కడి నుంచి గంజి కూడా దొరకని కరువులోకి, పెండ్లికి అప్పు తెచ్చుకున్న చీర దాకా పోయింది. దిగేటప్పుడు వాడి కళ్ళు తడిగా ఉన్నాయి. ప్రశ్న చిన్నదిగా ఉంటే సరిపోతుందని నాకు అప్పుడు తెలిసింది.

ఇంత తెలిసినవాణ్ణి ఇంట్లో ఎట్లా ఉన్నానంటే, అది కూడా చెప్తాను. ఒకరోజు అన్నం వడ్డిస్తూ మహబూబ్‌బీ, "నువ్వు పోతే నేనేం చేయాల్నో, నేను పోతే నువ్వేం చేస్తావో, ఎప్పుడన్నా అనుకున్నామా?" అనింది. నేను, "తినేటప్పుడు ఏం మాటలివి," అని టీవీ సౌండు పెంచాను. ఆమె, "ఊర్లోవాళ్ళ మాటలన్నీ చెవిలో పోసుకోని వస్తావు. ఇంట్లో మాత్రం నోరు పెగలదు," అని పప్పుగిన్నె ఎత్తుకుని పోయింది. ఇంకో ముద్ద పప్పు పెట్టించుకుందామనుకున్నాను, కుదరలేదు.

బద్వేలు ట్రిప్పు

ఇక ముఖ్యమైన ట్రిప్పు. నేను దిగిపోవడానికి కొన్నేళ్ళ ముందు జరిగింది.

ఓబయ్యది బద్వేలు దగ్గర పల్లె. కొంచెం చేను, ఒక బర్రె, డెబ్బై దాటిన వయసు, ఊపిరితిత్తులు పాడయ్యాయి. వెనక ఆయన పక్కన భార్య లక్షుమ్మ కూర్చుంది. ముందు సీట్లో నా పక్కన కొడుకు కేశవ. బద్వేలులో విత్తనాల అంగడిలో పని చేస్తాడు, ఆసుపత్రిలో నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పొద్దున బయల్దేరే ముందు నన్ను పక్కకు పిలిచి, "అన్నా, నాయనకు తెలీదు. అమ్మకు గూడా చెప్పలే. గ్యాసు ట్రబులు అన్న్యాం. నువ్వు నోరు జారగాకు," అన్నాడు. సరేనన్నాను.

ఆళ్ళగడ్డలో టీకి ఆపాను. కేశవ మొహం కడుక్కోవడానికి హోటలు వెనక్కి పోయాడు. లక్షుమ్మ కాళ్ళు పట్టేశాయని కిందికి దిగింది. నేను వెనక ఎక్కి సిలిండరు చూస్తుంటే ఓబయ్య మాస్కు కొంచెం పక్కకు జరిపాడు.

"ఏమప్పా డ్రైవరూ, ఇంగెంత దూరం?"

రెండు గంటలన్నాను.

"అంతేనా," అన్నాడు. "నాకు తెలుసప్పా. ఇది గ్యాసు గాదు. దానికి మాత్రం చెప్పగాకు, తట్టుకోలేదు," అన్నాడు.

కిందికి దిగాను. లక్షుమ్మ టీ గ్లాసు పట్టుకుని తాగకుండా నిలబడి ఉంది. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, తనకు తెలుసని చెప్పింది. డాక్టరమ్మ మొహం చూసినప్పుడే తెలిసిందట. ఆయప్పకు తెలీదు, తెలిస్తే అదురుకుంటాడు, నువ్వు చెప్పగాకు నాయనా అనింది.

సంగతి ఒకటే. ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు దాన్ని నా దగ్గర పెట్టి పోయారు. నేను డ్రైవర్ని, గోడౌను కాదు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. ఈరమ్మ టీ తాగకుండా పోవడం గుర్తొచ్చింది.

లక్షుమ్మ ఎక్కింది. తలుపు మూయబోతూ ఇద్దరికీ వినపడేట్టు అన్నాను: "అమ్మా, పెద్దాయన ఇప్పుడు నాతో ఒక మాట చెప్పినాడు. నువ్వు చెప్పిందే. ఇంగ మీరు మీరు చూసుకోండి."

తలుపు మూసి, ముందుకొచ్చి బండి తీశాను. కేశవ అప్పటికే తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నాడు.

మైదుకూరులో ఎడమకు తిరిగితే బద్వేలు. నేను తిరగలేదు, తిన్నగా కడప రోడ్డు పట్టాను. కడప పోయి, సిద్ధవటం మీదుగా కొండల్లోంచి బద్వేలు చేరాలంటే ఇంకా ఎంతోసేపు పడుతుంది. రెండో సిలిండరు నిండుగా ఉంది, అది చూసుకునే ఈ పని చేశాను. అయినా ఆయన గడప దాటకముందే పోతే ఆ ఊరివాళ్ళు నన్ను బతకనివ్వరు, ఓనరు స్టాండులోకి రానివ్వడు. ఇట్లా చేయమని మీకు నేను చెప్పడం లేదు. నేను చేశాను. కేశవ ఒకసారి కళ్ళు తెరిచి, "ఇదేం దావన్నా?" అన్నాడు. ఆ రోడ్డు తవ్వేసినారప్పా అన్నాను. మళ్ళీ నిద్రపోయాడు.

వెనక అప్పటిదాకా చప్పుడు లేదు. తర్వాత లక్షుమ్మ గొంతు వినపడింది, ఏం చెప్పినావు ఆ డ్రైవరుకి అని. నువ్వేం చెప్పినావు అని ఆయన అడిగాడు. తర్వాత ఎవరికి ముందు తెలిసిందని గొడవ పడ్డారు. డాక్టరు కంటే ముందే నాకు తెలుసని ఆయన, నీ దగ్గు విన్నప్పుడే నాకు తెలుసని ఆమె. దేనికీ పనికిరాని ఆ గొడవలో ఇద్దరూ గెలవాలని చూశారు. చివరికి లక్షుమ్మ ఏడ్చింది. ఆయన ఏడవనిచ్చాడు.

అక్కడి నుంచి బర్రె దగ్గరికి వచ్చారు. అది ఓబయ్యకు తప్ప ఎవరికీ పాలివ్వదు, తన్నుతుంది. తన తువ్వాలు భుజాన వేసుకుని ఎడమ పక్క కూర్చోమని ఆయన చెప్పాడు. నీ బీడీ కంపు లేకుంటే అది పాలు చేపదు, నన్ను బీడీ తాగమంటావా అని ఆమె అడిగింది. ఆయన నవ్వబోతే దగ్గొచ్చింది. నేను బండి నెమ్మది చేశాను. దగ్గు తగ్గాక అన్నాడు:

"ఇట్ల జూడు. పదో దినం నిన్ను కూసోబెట్టి, పూలు పెట్టి, చేతులనిండా గాజులేసి, మల్ల అన్నీ పగలగొడతారు. కొట్టనియ్యగాకు."

ఇప్పుడెందుకా మాటలని లక్షుమ్మ అడ్డుపడింది.

"మా అక్కకు కొట్టినప్పుడు నేను చూసినా. చిన్నోన్ని, గడప పక్కన నిలబడినా. గాజుపెంకు దిగి మణికట్టు తెగింది. రక్తం కారతాంటే ఒక్కరూ ఆగమనలే. అక్క ఏడవను గూడా ఏడవలే. ఆమెకు చేసినట్ల నీకు చేయొద్దు. ఇది నేను చెప్పిన మాట."

ఆయన అక్క పేరు నారాయణమ్మ. పెండ్లయిన కొత్తలోనే మొగుడు పోతే పుట్టింట్లోనే ఆ కార్యం చేశారట, తర్వాత తమ్ముడి ఎదురింట్లోనే బతుకంతా గడిపింది. ఆ ఊళ్ళో ఇట్లాంటి కార్యాలు దగ్గరుండి పద్ధతి తప్పకుండా చేయించేది ఆమేనని లక్షుమ్మ మాటల్లో నాకు తెలిసింది. లక్షుమ్మ మాత్రం, తన గాజుల సంగతి తాను చెప్పుకుంటే ఎవరూ నమ్మరని, ఆశకొద్దీ కత అల్లిందంటారని, కేశవకు నువ్వే చెప్పాలని ఆయనతో పట్టుబట్టింది. వాన్ని లేపు నాయనా అని నాకు చెప్పింది.

నేను కేశవ భుజం తట్టాను. ఉలిక్కిపడి లేచి, వెనక్కి తిరిగి, "ఏమైంది నాయనా?" అన్నాడు.

ఓబయ్య కొడుకు మొహం చూశాడు. చాలాసేపు చూశాడు. "ఏంలే. నీళ్ళు," అన్నాడు.

కేశవ సీసా మూత తీసి తాగించాడు. పెండ్లానికి చెప్పగలిగింది కొడుకు మొహం చూసి చెప్పలేకపోయాడు. దీనికి ఆయన్ను తప్పు పట్టను, నాకూ కొడుకున్నాడు.

ఊరు చేరాం. ఊపిరి ఉండగానే చేరాం. వాకిట్లో జనం, ఏడుపులు, గుర్తు పట్టినావా అని అడిగేవాళ్ళు, అన్నీ మామూలే. స్ట్రెచరు గడప దాటుతుంటే ఓబయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇన్నావు గదా."

"ఇన్నా పెద్దాయనా," అన్నాను.

చెయ్యి వదిలేశాడు. లోపల తెల్లచీరలో ఒక ముసలామె తల దగ్గర కూర్చుని చెంగుతో ఆయన మొహం తుడిచింది. నారాయణమ్మను నేను మొదటిసారి చూడటం అప్పుడే.

పదో దినం

కొన్నాళ్ళకు కేశవ ఫోను చేశాడు, బండి మీద రాసిన నంబరు చూసి పెట్టుకున్నాడట. వాళ్ళ నాయన పోయాడు. తెల్లారితే పదో దినం. అమ్మ ఒక మాట అంటోంది, నాయన దావలో చెప్పాడంటోంది, అత్త నమ్మడం లేదు, నువ్వు విన్నావంట కదా అన్నాడు. చివర్లో, "నేను పక్కనే ఉండి నిద్రపోయినానన్నా," అన్నాడు.

ఓనరును సెలవడిగాను. ఎందుకన్నాడు. సాక్ష్యం చెప్పాలన్నాను. యాక్సిడెంటా అన్నాడు. కాదు, గాజులు అన్నాను. నా మొహం చూసి ఇంకేం అడగకుండా సెలవిచ్చాడు.

తెల్లవారుజామున బస్సెక్కాను, మైదుకూరు మీదుగా పోయింది. బద్వేలు బస్టాండుకు కేశవ బైకు తెచ్చాడు. నేను ఎటు నుంచి వచ్చానో విని, "ఆ రోడ్డు బాగుచేసినారా అన్నా?" అన్నాడు. తొందరగానే చేసినారప్పా అన్నాను.

దారంతా నా బాధ ఒకటే. మాట సగం చెప్తే నిలవదు, మొత్తం చెప్తే నారాయణమ్మ సంగతి అందరి ముందూ తీయాలి. చిన్న వయసులో ఆమెకు జరిగింది ఒక బయటివాడు వచ్చి వాకిట్లో చెప్పడం ఏం మర్యాద? దిగేవరకూ తేల్చుకోలేకపోయాను.

వసారాలో పీట మీద లక్షుమ్మ కూర్చుని ఉంది. తలలో పూలు, నుదుట పెద్ద బొట్టు, మోచేతుల దాకా పచ్చగాజులు. చుట్టూ ఆడవాళ్ళు. పక్కన నారాయణమ్మ నిలబడి ఏది ముందో ఏది వెనకో చెప్తోంది. లక్షుమ్మ నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూర్చుంది.

చుట్టాల్లో ఒకాయన, "ఈ సాయిబుకు మన పద్ధతులేం తెలుసు?" అన్నాడు.

"తెలీదప్పా," అన్నాను. "పద్ధతి చెప్పేదానికి రాలే. ఆయప్ప చెప్పింది చెప్పి పోతా."

చెప్పాను, మొత్తం చెప్పాను. ఓబయ్య ఎట్లా అన్నాడో అట్లాగే, గడప పక్కన నిలబడటం, మణికట్టు తెగడం, ఒక్కరూ ఆగమనకపోవడం. నేల వైపు చూస్తూ చెప్పాను. ముగించి తలెత్తితే అందరూ నారాయణమ్మ వైపు చూస్తున్నారు.

"మల్లొకసారి చెప్పు," అనింది ఆమె.

మళ్ళీ చెప్పాను.

"యాడ నిలబడినానన్న్యాడు?"

"గడప పక్కనమ్మా."

ఆమె తిరిగి గడప వైపు చూసింది. అదే ఇల్లు, అదే గడప. అక్కడ ఇప్పుడు ఎవరివో చెప్పులు విడిచి ఉన్నాయి. ఆమె కొంగు భుజాన సర్దుకుని ఆడవాళ్ళతో అనింది: "లెయ్యండి. పొద్దు పోతాంది. అన్నాలు పెట్టండి."

ఒకామె, "అది గాదక్కా, ఊర్లోవాళ్ళు..." అని ఏదో అనబోయింది.

"నేను చెప్తాండా గదా," అనింది నారాయణమ్మ.

లేచారు. లక్షుమ్మ పీట మీద ఒక్కతే మిగిలింది. చేతులు ఒడిలో పెట్టుకుని కదలకుండా కూర్చుంది, కదిలితే గాజులు చప్పుడవుతాయని భయపడినట్టుంది. కేశవ పోయి తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. నన్ను తినకుండా పోనివ్వలేదు. అలసంద వడలు బాగున్నాయి.

పోయేటప్పుడు కేశవ బైకు తీస్తుంటే నారాయణమ్మ వాకిలి దాటి నా దగ్గరికి వచ్చింది. చెయ్యి చాపి ఎడమ మణికట్టు చూపించింది. సన్నగా తెల్లటి గీత ఉంది, చెప్తే తప్ప కనపడదు.

"ఇన్నేండ్లు ఎదురెదురుగా ఉన్నామప్పా. పొద్దున తలుపు తీస్తే నాకు కనపడేది వాని మొహమే. నేను ఏడవలేదని ఊరంతా మెచ్చుకున్న్యారు. నాకేం నొప్పి లేదనుకున్న్యారు. చూసినోడు ఒకడున్నాడని తెలిసుంటే..." అని ఆగింది. "నాకెందుకు చెప్పలేదప్పా వాడు?"

ఆయన నా బండి ఎక్కింది ఒక్కసారే, ఆ రోజు ఆమె అందులో లేదు. "తెలీదమ్మా," అన్నాను. ఆమె తల ఊపి లోపలికి పోయింది.

కర్నూల్లో దిగేసరికి ఎండ తగ్గింది. ఇంటికి పోయి, చెప్పులు విడవకుండానే స్కూటరు బయటికి తీశాను. మహబూబ్‌బీ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇప్పుడే కదా వచ్చింది. మల్లా యాడికి?"

"యాడికీ లేదు. ఎక్కు," అన్నాను. "ఆ పొద్దు అన్నం కాడ నన్నేదో అడిగితివి కదా."

ఆమె నా మొహం చూసి, లోపలికి పోయి పొయ్యి ఆర్పి, తాళం వేసుకొచ్చి వెనక కూర్చుంది. ఓర్వకల్లు రాళ్ళ దాకా ఆమె అడిగింది. తిరిగొచ్చేటప్పుడు నేను చెప్పాను.